బొగోటాలో మొదటి వారాలు: తోబుట్టువులను దత్తత తీసుకోవడానికి వచ్చే మనవాళ్లకి

కొలంబియా రాజధాని బొగోటాకి మీరు కొత్త. అంతకన్నా ముఖ్యంగా, ఆ పిల్లలకి మీరు కొత్త. మీరు విమానం దిగేసరికే వాళ్లు ఒక కుటుంబం. ఎవరి బూట్ల లేసులు ఎవరు కట్టాలో, చీకటంటే ఎవరికి భయమో, ఏడుపొస్తే ఎవరి పక్కన చేరాలో వాళ్ల మధ్య ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. పదకొండు, ఎనిమిది, అయిదేళ్ల ముగ్గురి కోసం మేము డల్లాస్ నుంచి వెళ్లి ఆరు వారాలున్నాం. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే మొదటి వారం ఇంకోలా గడిచేది.

కాగితాల మాట త్వరగా చెప్పేస్తాను. అమెరికా నుంచి హేగ్ ఒప్పందం (దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం దత్తతకు ఐ-800ఏ అనే దరఖాస్తు వేయాలంటే దంపతుల్లో ఒకరైనా అమెరికా పౌరులై ఉండాలి. గ్రీన్‌కార్డు, హెచ్-1బీ చాలవు. కొలంబియా వైపు పని అక్కడి ప్రభుత్వ శిశుసంక్షేమ సంస్థ ఐసీబీఎఫ్ చూస్తుంది. పిల్లల్ని అప్పగించాక కోర్టు తీర్పు, కొత్త జనన నమోదు, కొలంబియా పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, చివర్లో అమెరికా ఎంబసీ వీసా ఉంటాయి. తీర్పు ఏ రోజు వస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి తేదీ మార్చుకోగలిగే తిరుగు టికెట్టే కొనండి. డిసెంబరు 20 నుంచి జనవరి 10 దాకా అక్కడ చాలా కోర్టులకు సెలవులు.

పేర్ల దగ్గర మాత్రం తొందరపడకండి. అక్కడ తండ్రిదొకటి, తల్లిదొకటి, మనిషికి రెండు ఇంటిపేర్లు. మన పొడుగాటి ఇంటిపేర్లు వాళ్లకి అలవాటు లేనివి. మా కాగితాల్లో ఒకచోట ఒక్క అక్షరం జారిపోయింది, సరిచేయించుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. సంతకం పెట్టే ముందు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఇక పిల్లల సొంత పేర్లు. మూడేళ్లు దాటిన పిల్లల పేరు మార్చాలంటే వాళ్లు ఒప్పుకోవాలి, లేదా జడ్జికి ఆ కారణం సబబుగా తోచాలి. 2006 నాటి కొలంబియా బాలల చట్టంలో అలాగే ఉంది. నన్నడిగితే ఆ మాటే ఎత్తొద్దు. ఆ పేర్లతోనే కదా వాళ్లు ఒకళ్లనొకళ్లు పిలుచుకుంటూ పెరిగారు.

బొగోటా సముద్రమట్టానికి సుమారు 2,600 మీటర్ల ఎత్తున ఉంది. మొదటి రెండు రోజులు మెట్లెక్కితే ఆయాసం, కాస్త తలనొప్పి ఉంటాయి. ఏడాది పొడవునా చలే, ఇళ్లలో హీటర్లు పెద్దగా ఉండవు. మా పిల్లలు వేడి ప్రాంతం నుంచి వచ్చారు, స్వెట్టర్లు మాకన్నా వాళ్లకే ఎక్కువ కావలసివచ్చాయి. కుళాయి నీళ్లు తాగొచ్చు. కరెంటు, ప్లగ్గులు అమెరికాలోలాగే. రోడ్డు మీద ఫోన్ చేత్తో పట్టుకుని నిలబడితే అక్కడివాళ్లు ‘నో దార్ పపాయా’ అంటారు. బొప్పాయి చేతికివ్వకు అని మాట, దొంగకి సందివ్వకు అని అర్థం. ముగ్గురి చేతులు పట్టుకుని నడిచేటప్పుడు ఫోన్ బ్యాగులోనే ఉండాలి.

స్పానిష్‌లో ‘తు’ అంటే నువ్వు, ‘ఉస్తేద్’ అంటే మీరు అని నేర్చుకుని వెళ్లాను. పెద్దమ్మాయి నన్ను ఉస్తేద్ అన్నప్పుడల్లా నాకు గుండె చివుక్కుమనేది. అయిదో రోజున గమనించాను, చెల్లెల్ని కూడా ఉస్తేద్ అనే పిలుస్తోంది! ఆ కొండప్రాంతాల్లో అమ్మానాన్నలూ పిల్లలూ భార్యాభర్తలూ కూడా అలాగే మాట్లాడుకుంటారు. మన ‘మీరు’లోని దూరం అందులో లేదు.

ఆ అమ్మాయి గురించే ఇంకా చెప్పాలి. మొదటి రాత్రి చిన్నదానికి పళ్లు తోమించి, తమ్ముడి దుప్పటి సర్ది, తలుపు గడియ రెండుసార్లు చూసి, అందరికన్నా చివర పడుకుంది. పొద్దున్నే నేను ఆమె చేతిలోంచి దువ్వెన తీసుకుని, ఇక ఇవన్నీ నేను చూసుకుంటాను, నువ్వు హాయిగా ఆడుకో అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తల్లి తర్వాత తల్లి అక్కే అని మన ఇళ్లలో అంటాం, ఈ పిల్ల ఆ పని నిజంగా చేసింది. దాన్ని ఒక్క పూటలో లాక్కోకండి. అడగండి. చిన్నదానికి జ్వరమొస్తే ఏం చేసేదానివి? వాడికి ఏ కూర పడదు? ఆమె చెప్పింది రాసుకున్నాను, ఆమె చూస్తుండగానే. ఆ తర్వాత బట్టలుతకడం నాకు వదిలింది. మూడో వారంలో జడ. రాత్రిళ్లు చిన్నదాన్ని చూసుకోవడం మాత్రం మేము డల్లాస్ చేరాకే వదిలింది.

అద్దెకు తీసుకునే ఫ్లాటులో మూడు పడకగదులున్నా మంచాలు ఒకే గదిలో వేయించండి. అల్లరి లేని పిల్లవాణ్ణి మరిచిపోకండి. మావాడు రోజూ పొద్దున వాళ్ల నాన్నతో మూలమీది బేకరీకి వెళ్లి బ్రెడ్ తెచ్చేవాడు, ఆ పావుగంట వాడొక్కడిదే. దిండు కింద బ్రెడ్ ముక్కలు దొరికితే తిట్టకండి. అందేచోట బుట్టలో ఎప్పుడూ పండ్లు, బ్రెడ్ ఉంచండి, అది ఖాళీ కాకూడదు.

తిండికి మనకి ఇబ్బంది లేదు. అన్నం ప్రతి పూటా ఉంటుంది, పప్పు ఉంది, కర్రపెండలం, కొత్తిమీర ఉన్నాయి. మొక్కజొన్నపిండి అరేపా మన రొట్టెలాగే పెనం మీద కాలుతుంది. కారం మాత్రం మీకు మీరే వేసుకోవాలి, పిల్లలకి పెట్టకండి. మొదటి వారాల్లో వాళ్ల వంటే వండండి, మన సాంబారు తర్వాత చూద్దురుగాని.

ఆదివారం పొద్దున ఏడు నుంచి రెండింటి దాకా సిక్లోవియా. నగరంలో వంద కిలోమీటర్లకు పైగా రోడ్లు బండ్లకి మూసి, సైకిళ్లకీ నడిచేవాళ్లకీ వదిలేస్తారు. డబ్బు ఖర్చు లేకుండా ముగ్గురూ అలసిపోయేది ఆ రోజే.

ఫోస్టర్ తల్లి (దత్తత కుదిరేదాకా తన ఇంట్లో పెట్టుకుని చూసుకునే ఆవిడ) దగ్గర పెరిగిన పిల్లలైతే, ఆమెను కలవనిస్తే కలవండి. ఏ సబ్బు, ఏ జోలపాట, ఏ మందు అని అడిగి తెలుసుకోండి. పాత దుప్పటి ఇస్తే ఉతక్కుండా ఉంచండి.

వచ్చేటప్పుడు సూట్‌కేసులో పనేలా అచ్చులు నాలుగు పెట్టుకోండి. అది చెరుకు బెల్లమే, వేడినీళ్లలో కరిగించి ఆగ్వాపనేలా అని తాగుతారు. డల్లాస్‌లో మన దుకాణం బెల్లంతో కాచి ఇచ్చాను. చిన్నది ఒక గుక్క తాగి, గ్లాసు అక్క చేతికిచ్చింది. అక్క రుచి చూసి, బావుందిలే, తాగు అంది.