గల్లా పెట్టెకీ పుస్తకానికీ లెక్క కలవనప్పుడు

విశాఖ పూర్ణా మార్కెట్‌లో సరుకు కొని గోపాలపట్నంలో అమ్మే కొత్త కిరాణా కొట్టు లెక్క ఇది. రాత్రి గల్లా లెక్కపెడితే పుస్తకంలో నిల్వకన్నా ఎప్పుడూ తక్కువే ఉండేది. పోయిందేమీ లేదు, రాయడంలోనే తేడా.

ముందు యూపీఐ వసూళ్లను నగదు వరుసలోంచి తీసేశాను. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరిచి, క్యూఆర్ కోడ్‌ను దానికే కలిపాను. ఇంటికి తీసుకున్న డబ్బు ఖర్చు కాదు, సొంత వాడకం. దానికి విడిగా గడి ఉండాలి. కొట్టులోంచి ఇంటికెళ్లిన బియ్యం కూడా కొన్న ధరకు అక్కడే పడాలి, ఇది చాలామంది వదిలేస్తారు. అసలు చిక్కు అరువుది: ఇచ్చిన రోజు అమ్మకంలో రాసి, డబ్బొచ్చిన రోజు మళ్లీ అమ్మకమే రాస్తే రెండుసార్లు పడుతుంది. రెండోసారి ‘బాకీ వసూలు’ అని రాయాలి.

ఇక రాత్రి సరిచూడటం: ఉదయం నిల్వ 2,000, నగదు అమ్మకం 6,500, బాకీ వసూలు 800 కలిపితే 9,300. అందులో నగదు ఖర్చులు 1,150, సొంత వాడకం 500 తీసేస్తే గల్లాలో 7,650 ఉండాలి. తేడా వస్తే ఆ రాత్రే వెతకండి, వారం దాటితే దొరకదు.

ఆటోకీ, బస్తాలు మోసే కళాసీలకీ బిల్లు రాదు. తేదీ, పేరు, పని, మొత్తం రాసి సంతకం తీసుకోండి. వేడితో అచ్చయ్యే థర్మల్ బిల్లుల అక్షరాలు వెలిసిపోతాయి కనుక అందిన రోజే ఫోటో తీయాలి. ఒకే రోజు ఒకరికే 10,000 రూపాయలు మించి నగదు ఇస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు చెల్లదు. టోకు వర్తకుడికి బ్యాంకు ద్వారానే కట్టండి.