పాత కంపెనీ పీఎఫ్ కదలడం లేదా? ముందు సర్వీస్ హిస్టరీ తెరవండి

ఉద్యోగం మారినవారిలో చాలామందికి పాత కంపెనీ పీఎఫ్ సంగతి డబ్బు అవసరమైన రోజునే గుర్తుకొస్తుంది. ఆ రోజు హడావిడిగా ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ ఖాతాలను నిర్వహించే ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లోకి వెళ్లి బదిలీకో, విత్‌డ్రాకో దరఖాస్తు పెడతారు. అది తిరస్కరణకు గురైతే కారణం చదవకుండా అదే దరఖాస్తును మళ్లీ పెడతారు, అది మళ్లీ తిరిగివస్తుంది. ఈ విషయంలో సాయం కోరి వచ్చినవారిని నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: సర్వీస్ హిస్టరీ పేజీ చూశారా? చూడలేదనే జవాబే ఎక్కువగా వస్తుంది. యూఏఎన్ (ఎన్ని కంపెనీలు మారినా ఉద్యోగికి ఒకటే ఉండవలసిన పీఎఫ్ నంబరు) యాక్టివేట్ అయిందని, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాల కేవైసీ ఆమోదం పొందిందని, పోర్టల్‌లో లాగిన్ కావడం మీకు తెలుసని అనుకునే ఈ కింది విషయాలు రాస్తున్నాను.

లక్షణం: బదిలీ దరఖాస్తు తిరస్కరణకు గురవుతోంది, లేదా అసలు పెట్టనివ్వడం లేదు

పేరులో అక్షరం తేడా ఉందేమో, పుట్టిన తేదీ తప్పు పడిందేమో అని అందరూ ముందుగా అటే పోతారు. అవి చూడవలసినవే గాని, ఆధార్‌తో సరిపోల్చితే నిమిషంలో తేలిపోతాయి. అసలు తిప్పలు పెట్టేది ఎగ్జిట్ తేదీ, అంటే పాత కంపెనీ నుంచి మీరు వైదొలగినట్లు ఈపీఎఫ్‌ఓ రికార్డులో నమోదైన తేదీ.

సర్వీస్ హిస్టరీలో ప్రతి మెంబర్ ఐడీకి (ఒక్కో కంపెనీలోని పీఎఫ్ ఖాతా నంబరుకు) ఎదురుగా చేరిన తేదీ, వైదొలగిన తేదీ ఉంటాయి. ఇవి పీఎఫ్‌కు ఒక జత, పెన్షన్ పథకానికి మరో జత చొప్పున విడివిడిగా ఉంటాయన్న సంగతి చాలామంది గమనించరు. పీఎఫ్ గడిలో తేదీ కనిపించగానే అంతా సరిగ్గా ఉందనుకుని పేజీ మూసేస్తారు. పక్కనే ఉన్న పెన్షన్ గడి ఖాళీగా ఉంటే, ఆ రికార్డు ప్రకారం మీరు పెన్షన్ పథకంలో ఇంకా పాత కంపెనీ సభ్యులుగానే ఉన్నట్లు. కనుక రెండు జతలనూ, పక్కనే ఉండే వైదొలగిన కారణాన్నీ చూడాలి.

తేదీ ఖాళీగా ఉంటే పాత కంపెనీ హెచ్‌ఆర్ విభాగానికి రిలీవింగ్ లెటర్ జతచేసి మెయిల్ పెట్టండి, ఎందుకంటే ఆ తేదీని నమోదు చేయడం వారి పనే. వారు పట్టించుకోకపోతే 2020 జనవరి నుంచి సభ్యులే పోర్టల్‌లో మేనేజ్ కింద ఉన్న మార్క్ ఎగ్జిట్ ద్వారా తేదీ వేసుకునే వీలుంది. చివరి చందా జమ అయి రెండు నెలలు గడిచి ఉండాలి, ఆధార్‌కు లింకైన మొబైల్‌కు ఓటీపీ రావాలి. తేదీ మాత్రం చివరి చందా ఏ నెల జీతానిదో ఆ నెలలోనిదే కావాలి.

మెలిక ఈ చివరి నిబంధనలోనే ఉంది. ఒక నెల జీతంపై కట్టవలసిన చందాను కంపెనీ మరుసటి నెల 15వ తేదీలోగా జమ చేస్తుంది. అందువల్ల పాస్‌బుక్‌లో ఒక్కో వరుసలో రెండు నెలలు కనిపిస్తాయి: ఒక గడిలో వేతన నెల, వివరాల గడిలో డ్యూ మంత్, అంటే చందా జమ చేయవలసిన నెల. మీరు మార్చి 14న రిలీవ్ అయి మార్చి 20న కొత్త కంపెనీలో చేరారనుకుందాం. పాత కంపెనీ చివరి వరుసలో వేతన నెల మార్చి అని ఉంటుంది, డ్యూ మంత్ దగ్గర మాత్రం 04 అని ఉంటుంది. ఆ 04 చూసి చివరి చందా ఏప్రిల్‌దని భావించి, ఏప్రిల్ తేదీ ఒకటి హెచ్‌ఆర్‌కు రాసి పంపి వేయించుకున్నవారు ఉన్నారు. కొన్నిచోట్ల హెచ్‌ఆర్ వారే నెలాఖరు తేదీనో, ఫైనల్ సెటిల్‌మెంట్ చేతికిచ్చిన తేదీనో వేసి చేతులు దులుపుకుంటారు. రెండింటి ఫలితమూ ఒకటే: ఒకే కాలంలో మీరు రెండు కంపెనీల్లో పనిచేసినట్లు రికార్డు చెబుతుంది. కేవలం సర్వీసు కాలాలు ఒకదానిపై ఒకటి పడ్డాయన్న కారణంతో బదిలీ దరఖాస్తులను తిరస్కరించవద్దని 2025 మేలో ఈపీఎఫ్‌ఓ తన కార్యాలయాలకు స్పష్టం చేసింది. అయినా వివరణ అవసరమని తోచినప్పుడు కార్యాలయం మిమ్మల్ని అడగవచ్చు, పెన్షన్ సర్వీసు లెక్కలో ఆ తేదీలు మళ్లీ ఎదురుకానూవచ్చు.

కాబట్టి మార్క్ ఎగ్జిట్ నొక్కేముందు రిలీవింగ్ లెటర్‌ను, పాస్‌బుక్‌లోని వేతన నెల గడిని, కొత్త కంపెనీ అపాయింట్‌మెంట్ లెటర్‌ను పక్కపక్కన పెట్టుకోండి. మీరు వేయబోయే తేదీ రిలీవింగ్ లెటర్‌లోని తేదీయే కావాలి, కొత్త కంపెనీలో చేరిన తేదీకి ముందుదై ఉండాలి. ఒకసారి వేసిన తేదీని మార్క్ ఎగ్జిట్‌లో తిరిగి మార్చుకోలేరు. దాన్ని సరిదిద్దాలంటే జాయింట్ డిక్లరేషన్ (రికార్డులోని వివరాల సవరణ కోరే దరఖాస్తు) పెట్టాలి, కొందరికి దానిపై పాత కంపెనీ ఆమోదం కూడా కావలసి వస్తుంది. అలాంటప్పుడు మీ మెయిల్‌కు జవాబివ్వని ఆ కంపెనీయే సంతకం పెట్టాలన్నమాట.

లక్షణం: బదిలీ అయింది, కొత్త పాస్‌బుక్‌లో పెన్షన్ గడి సున్నా

ఇది లోపం కాదు, ఫిర్యాదు పెట్టనక్కర్లేదు. యజమాని చెల్లించే 12 శాతంలో 8.33 శాతం, 15,000 రూపాయల వేతన పరిమితికి లోబడి, పెన్షన్ పథకానికి వెళుతుంది. బదిలీలో ఉద్యోగి వాటా, యజమాని పీఎఫ్ వాటా డబ్బు రూపంలో కొత్త ఖాతాకు వస్తాయి. పెన్షన్ విషయంలో బదిలీ అయ్యేది సర్వీసు కాలం. అది సరిగ్గా చేరిందో లేదో బదిలీ వివరాలు చూపే అనెక్జర్ కె పత్రంలో చూసుకోండి.

లక్షణం: పాత ఖాతా జాబితాలోనే లేదు

కొత్త కంపెనీలో చేరేటప్పుడు పాత యూఏఎన్ చెప్పకపోవడం వల్ల రెండో యూఏఎన్ పుట్టి ఉంటుంది. పాత జీతం స్లిప్పులో మొదటి యూఏఎన్ దొరుకుతుంది. ఆ నంబరు కింద ఉన్న మెంబర్ ఐడీ నుంచి ప్రస్తుత ఖాతాకు బదిలీ కోరాలి. రెండు యూఏఎన్‌లలోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా లేకపోతే ముందు వాటిని సరిచేయించాలి. పాత కంపెనీ సొంత పీఎఫ్ ట్రస్టు నడుపుతుంటే ఆ డబ్బు ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్‌లో కనిపించదు. అప్పుడు ట్రస్టునే అడగాలి, వారు డబ్బుతోపాటు అనెక్జర్ కె కూడా పంపేదాకా వదలకూడదు.

లక్షణం: విత్‌డ్రా చేస్తే అనుకున్నదానికంటే తక్కువ వచ్చింది

మొత్తం సర్వీసు ఐదేళ్లు నిండకముందే డబ్బు తీసుకుంటే దానిపై పన్ను పడుతుంది. మొత్తం 50,000 రూపాయలకు చేరితే పాన్ ఉన్నవారికి 10 శాతం టీడీఎస్ కోసి ఇస్తారు. పాత ఖాతాను బదిలీ చేసుకుంటే ఆ సర్వీసు కూడా ఐదేళ్ల లెక్కలోకి వస్తుంది. మూడేళ్లు ఒకచోట, రెండున్నరేళ్లు మరోచోట చేసినవారు ముందు బదిలీ చేసుకుని ఉంటే ఈ పన్ను తప్పేది.

దీనికంటే పెద్ద నష్టం ఫారం 10సీ ద్వారా పెన్షన్ డబ్బు తీసేసుకోవడంలో ఉంది. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి. ఉద్యోగం మారిన ప్రతిసారీ 10సీ పెట్టేవారి లెక్క ప్రతిసారీ సున్నా నుంచి మొదలవుతుంది. ఉద్యోగంలో ఉన్నవారికి నేను బదిలీనే సూచిస్తాను. కొంతకాలం ఉద్యోగం చేసే ఆలోచన లేనివారు 10సీలోనే డబ్బుకు బదులుగా స్కీమ్ సర్టిఫికెట్ (పెన్షన్ సర్వీసు కాలాన్ని ధ్రువీకరించే పత్రం) కోరితే సర్వీసు నిలిచి ఉంటుంది.

ఖాతాను ఏమీ చేయకుండా వదిలేస్తే 58 ఏళ్ల వయసు వరకు వడ్డీ పడుతూనే ఉంటుంది. అయితే ఉద్యోగం మానేసిన తర్వాత పడిన వడ్డీ పన్ను పరిధిలోకి వస్తుంది. మరో ఉద్యోగంలో ఉండి కూడా పాత ఖాతాను అలా వదిలేయడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

ఇక అరుదైనవి. పాత కంపెనీ చందా కోసుకుని జమ చేయకపోతే జీతం స్లిప్పులు జతచేసి ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు చేయాలి. కంపెనీ మూతపడి జాయింట్ డిక్లరేషన్‌పై సంతకం పెట్టేవారు లేకపోతే గెజిటెడ్ అధికారి వంటి అధీకృత వ్యక్తి ధ్రువీకరణతో, ఉద్యోగం చేసినట్లు రుజువులు జతచేసి పీఎఫ్ కార్యాలయంలో ఇవ్వవచ్చు.