పంపు లేదు, కరెంటు లేదు: డబ్బాలో నీళ్లతోనే పాలకూర పెంచడం ఎలా?

మట్టి లేకుండా మొక్కలు అనగానే వరుసగా పైపులు, మోటారు, వేలల్లో ఖర్చు కళ్ల ముందు మెదులుతాయి. ఆకుకూరల వరకైతే అవేవీ అక్కర్లేదు. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెర్నార్డ్ క్రాట్కీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతికి మూత ఉన్న డబ్బా, నీళ్లు, పోషక లవణాలు చాలు. కష్టమల్లా ఒక్కటే: రోజూ నీళ్లు పోయాలనే కోరికను ఆపుకోవడం.

మొక్క తాగుతున్న కొద్దీ నీటిమట్టం దిగి, మూత కింద ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీలో వేలాడే వేళ్లు గాలిని తీసుకుంటాయి, అడుగున ఉన్నవి నీటిని, లవణాలను తీసుకుంటాయి. ఇది తెలియక నేను మొదటిసారి తులసి కుండీకి పోసినట్టే రోజూ డబ్బా నింపుతూ వచ్చాను. పది రోజులకు పాలకూర వాలిపోయింది. మూత ఎత్తితే వేళ్లు గోధుమ రంగుకు తిరిగి, జిగురుగా, మురుగు వాసన కొడుతున్నాయి. నీళ్లలో ఉండి కూడా ఊపిరాడక చచ్చిపోయిన మొక్కలవి!

డబ్బాకు పండ్ల దుకాణంలో పారేసే థర్మోకోల్ పెట్టె బాగుంటుంది. పదిహేను లీటర్లు పట్టేదైతే నాలుగు మొక్కలకు సరిపోతుంది. లోపల నల్ల పాలిథిన్ కవరు పరచండి. వెలుతురు తగిలితే నీటిలో పాచి పడుతుంది. మూతకు నాలుగు రంధ్రాలు చేసి, వాటిలో బిగుతుగా కూర్చునే చిన్న పెరుగు కప్పులు పెట్టండి. కప్పుల అడుగునా పక్కలా కాల్చిన చువ్వతో చిల్లులు పొడవాలి. సందులేమైనా మిగిలితే టేపుతో మూసేయండి. దోమ దూరితే మీరు పెంచేది పాలకూర కాదు, డెంగీ.

తరువాత నారు. కొబ్బరి పొట్టును రెండు మూడు సార్లు కడిగి, దానిలోని ఉప్పు వదిలాక కప్పుల్లో నింపి, ఒక్కో దానిలో నాలుగైదు పాలకూర గింజలు వేయండి. మొలకెత్తి రెండు ఆకులు వచ్చేదాకా మామూలు నీళ్లు చిలకరిస్తే చాలు. గింజలతో ఓపిక లేనివారు రైతుబజారులో కొన్న పుదీనా కట్ట నుంచి నాలుగు గట్టి కాడలు తీసి గ్లాసు నీళ్లలో ఉంచితే, సాధారణంగా వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి.

అసలు విషయం పోషకాల దగ్గర ఉంది. ఇంట్లో ఉన్న యూరియానో, నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19:19:19 ఎరువునో కలిపేద్దామనిపిస్తుంది. వద్దు. యూరియాను మొక్క సులువుగా తీసుకోగల నైట్రేటుగా మార్చేది మట్టిలోని సూక్ష్మజీవులు. కొత్తగా నింపిన నీటిలో అవి అంతగా ఉండవు. 19:19:19లోనూ నత్రజనిలో ఎక్కువ భాగం యూరియాయే. జీవామృతం మట్టికి మంచిదే గాని, కదలని నీటిలో కుళ్లుతుంది. హైడ్రోపోనిక్స్ (మట్టి లేని సాగు) కోసమే అమ్మే, సూక్ష్మపోషకాలు కలిసిన 4:18:38 పొడి (అంకెలు అదే వరుసలో), కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్ తెచ్చుకోండి. పది లీటర్లకు పొడి 6 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 3 గ్రాములు కరిగించి, చివర కాల్షియం నైట్రేట్ 6 గ్రాములు విడిగా కరిగించి కలపాలి. మూడింటినీ కొద్ది నీటిలో ఒకేసారి కలిపితే తెల్లని మడ్డి దిగుతుంది. ఆ మడ్డి మొక్కకు అందదు.

నీళ్లు కూడా చూసుకోవాలి. మా బోరు నీటితో చేసినప్పుడు లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. అది ఇనుము అందడం లేదనడానికి గుర్తు. నీటి క్షారగుణం ఎక్కువైతే ఇలా జరుగుతుంది. నీటి ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. నిమ్మరసం పిండితే ఆ పూటకు దిగుతుంది, మళ్లీ పెరుగుతుంది. పట్టి పెట్టిన వాన నీరు కలుపుకోవడం నాకు తేలికైన దారిగా కనిపించింది. తాగునీటి ఆర్వో ఫిల్టరు నుంచి బయటకు పోయే వృథా నీరు మాత్రం వాడకండి, దానిలో లవణాలు ఇంకా ఎక్కువ.

కప్పు అడుగు ఒక సెంటీమీటరు మునిగేలా నీళ్లు నింపి, ఉదయపు ఎండ నాలుగైదు గంటలు తగిలే చోట పెట్టండి. ఇక ముట్టుకోవద్దు. నీరు బాగా దిగిపోతే, సగానికి మించకుండా అదే ద్రావణం పోయండి. పైనున్న వేళ్లు మళ్లీ మునగకూడదు.

అక్టోబరు, నవంబరులో మొదలుపెట్టడం మేలు. ఏప్రిల్, మే ఎండకు డబ్బాలో నీళ్లు కాగి వేళ్లు కుళ్లుతాయి. వేసవిలోనూ ఆగలేనివారు పాలకూర వదిలి, నీడపట్టున బచ్చలి తీగ పెట్టుకోవచ్చు.

నెల నుంచి నెలా పదిహేను రోజుల్లో పాలకూర కోతకు వస్తుంది. బయటి ఆకులు మాత్రమే కోస్తే ఇంకో విడత దొరుకుతుంది. అడుగున మిగిలిన నీళ్లు కుండీల్లో పోసి, పెట్టెను బ్లీచింగ్ పొడి నీళ్లతో కడిగి ఆరబెట్టాకే కొత్త నారు వేయండి.