డికాక్షన్ దిగేలోపు బీపీ - మూడో పాఠం

పోయిన రెండు పాఠాల్లో పై అంకె, కింది అంకె సంగతి, బీపీ మిషన్ కొనడం సంగతి అయ్యాయి. మణికట్టుకి పెట్టుకునేది వద్దు, జబ్బకి చుట్టేదే కొనమన్నాను. ఇవాళ అసలు పని: మీ బీపీ మీరే చూసుకోవడం.

మాది చెన్నైలో పెరంబూరు. మా ఇంట్లో మిషన్ కొన్నది మావారి కోసం. మూడేళ్లు ఆయనకి కట్టాను, మామగారికి కట్టాను, నా చేతికి మాత్రం ఒక్కసారీ కట్టుకోలేదు. తల బరువుగా ఉంటోందని ఒక క్లినిక్‌కి వెళ్తే "ఇంటి టెన్షన్ అమ్మా, బాగా నిద్రపోండి" అని పంపేశారు. తల బరువు బీపీ వల్లేనా అంటే చెప్పలేను. చాలామందికి బీపీ పెరిగినా ఏ బాధా తెలియదు. కానీ కొలిచి చెప్పాల్సిన మాట కొలవకుండా చెప్పారే, అదీ నా కోపం.

ముందు కుట్టుటేపు తీయండి. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో జబ్బ చుట్టుకొలత చూడండి. మిషన్‌తో వచ్చే మామూలు పట్టీ ఎక్కువగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతులకే. అంటే పన్నెండున్నర అంగుళాలు దాటితే పెద్ద పట్టీ విడిగా కొనాల్సిందే. పట్టీ ఇరుకైతే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, మరీ పెద్దదైతే తక్కువ చూపిస్తుంది. బిగుతు జాకెట్టు చేతిని పైకి మడవకండి, ఆ మడతే జబ్బని నొక్కేస్తుంది. ఈ పనికి వదులు చేతుల నైటీని మించింది లేదు.

ఇక టైము. కొలిచే ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలంటే మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు నవ్వారు. ఆవిన్ పాలు, నీళ్ల మోటారు, పిల్లల డబ్బాలు, వీటి మధ్య ఊరికే కూర్చోవడమా! నాకు దొరికిన దారి ఇది. లేచి బాత్రూమ్‌కి వెళ్లొస్తాను, ఎందుకంటే మూత్రం ఆపుకుంటే బీపీ పెరుగుతుంది. ఫిల్టర్‌లో వేడినీళ్లు పోసి, మూతపెట్టి కుర్చీలో కూర్చుంటాను. డికాక్షన్ దిగడానికి మా ఇంట్లో పావుగంట. ఆ పావుగంట నాది. కాఫీ తాగితే అరగంట దాకా కొలవకూడదు, అందుకని తాగకముందే అయిపోవడం మంచిది. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు కూడా మాత్రకి ముందే చూసుకోవాలి.

వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలమీద ఉండాలి, కాలుమీద కాలు వద్దు. చేతిని బల్లమీద పెట్టి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా కింద దిండు సర్దండి. చేయి గుండెకన్నా 10 సెంటీమీటర్లు దిగితే బీపీ ఉన్నదానికన్నా 7, 8 ఎక్కువ చూపిస్తుంది. పట్టీ కింది అంచు మోచేతి మడతకి రెండు వేళ్ల పైన ఉండాలి. మిషన్ బటన్ నొక్కాక మాట్లాడకండి. "అమ్మా, నా సాక్స్ ఎక్కడ?" అన్నా సరే పలకకండి. (నాకు అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే.)

ఒక నిమిషం ఆగి రెండోసారి చూడండి. రెండుసార్లు వచ్చినవీ ఒక పుస్తకంలో, మొదటి పేజీ ఖాళీగా ఉంచి, రాయండి, నచ్చినదాన్ని ఏరుకోవద్దు. మొదటిరోజు రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేయే ఆ తర్వాత వాడండి. పొద్దున రెండు, సాయంత్రం రెండు, ఏడు రోజులు. మొదటిరోజువి కొట్టేసి, మిగిలిన 24కీ సగటు తీయండి. ఇంట్లో ఆ సగటులో పై అంకె 135 గానీ, కింది అంకె 85 గానీ, అంతకు మించిగానీ వస్తే పుస్తకంతో డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నాకు 142/88 వచ్చింది. మాత్రలు వాడేవాళ్లు అంకెలు బాగున్నాయని సొంతంగా మానేయకండి.

గర్భిణులు మాత్రం వారం ఆగకూడదు. 140/90 కనిపిస్తే అదేరోజు డాక్టర్‌కి చెప్పాలి. ఎవరికైనా 180/120 దాటితే అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, అంతే ఉంటే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మాట తడబడినా, ఒక పక్క చెయ్యి చచ్చుబడినా, ఛాతీలో బరువుగా ఉన్నా మళ్లీ కొలుస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. గుండెపోటు ఆడవాళ్లలో దవడనొప్పిగా, వీపునొప్పిగా, ఆయాసంగా, వాంతిగా, చల్లటి చెమటగా కూడా రావచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవడం మన ఇళ్లలో మామూలే. అది అస్సలు వద్దు.

పుస్తకం మొదటి పేజీ ఖాళీగా ఉంచమన్నాను కదా, ఇప్పుడు నింపండి. కాన్పులప్పుడు బీపీ గానీ షుగర్ గానీ వచ్చాయా? నెలసరి ఎన్నేళ్లకి ఆగింది? గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా? మోకాళ్లకి నొప్పి మాత్రలు మింగుతున్నారా? ఆ రెండు రకాల మాత్రలూ బీపీని పెంచగలవు. కాన్పులో బీపీ వచ్చినవాళ్లకి తర్వాత బీపీ, గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. నాకు పెద్దవాడి కాన్పులో బీపీ వచ్చింది. వాడికిప్పుడు ఇరవై మూడేళ్లు. ఇన్నేళ్లలో ఏ డాక్టరూ అడగలేదు, చెప్పాలని నాకూ తోచలేదు.

ఆ పేజీ ఈ రాత్రికే రాసేయండి. వచ్చే పాఠంలో ఉప్పు లెక్క చూద్దాం, మీ 24 అంకెలు దగ్గర పెట్టుకోండి.