పూల్ పాఠాలు – 3: సొంత కర్ర

పూల్ అంటే టేబుల్ మీద కర్రతో (స్టిక్‌తో) తెల్ల బంతిని కొట్టి, దానితో మిగతా బంతుల్ని రంధ్రాల్లో వేసే ఆట. కిందటి పాఠంలో వేళ్లతో బ్రిడ్జ్, అంటే స్టిక్ కొస ఆనడానికి చేతి ఆసరా, కట్టడం చూశాం. వారం రోజులు ఇంట్లో భోజనాల బల్ల మీద సాధన చేసే ఉంటారు. చేయకపోతే ముందు అది చేసి రండి. బ్రిడ్జ్ వణుకుతుంటే ఎంత ఖరీదైన స్టిక్ కొన్నా దండగే.

పూల్ పార్లర్ స్టాండులో ఉన్న స్టిక్కులతోనే ఆడొచ్చు కదా అంటే, ఆడొచ్చు. శ్రీకాకుళంలో నేను మూడేళ్లు అలాగే ఆడాను. చిక్కేమిటంటే నిన్నటి స్టిక్ ఇవాళ దొరకదు. ఒకటి బరువు, ఇంకోటి తేలిక, మరోదాని టిప్, అంటే బంతికి తగిలే తోలు కొస, సగం ఊడి ఉంటుంది. అక్కడికొచ్చే ఒక పెద్దాయన, ఎవరైనా స్టిక్‌ని తిట్టుకుంటే నవ్వి, "ఏటి బావూ, వంకర కర్రలో ఉందా, సేతిలో ఉందా?" అనేవారు. అది తేలాలంటే రోజూ ఒకే కర్ర చేతిలో ఉండాలి.

ముందు ఏ ఆటకో చూసుకోండి. మన పార్లర్లలో స్నూకర్ స్టిక్కులు, పూల్ స్టిక్కులు ఒకే స్టాండులో కలిసిపోతాయి. స్నూకర్ టిప్ 9, 10 మిల్లీమీటర్లు ఉంటే పూల్ టిప్ 12, 13 ఉంటుంది. పూల్ బంతి కూడా పెద్దది, 57 మిల్లీమీటర్లు, స్నూకర్‌ది 52.5. సన్న టిప్‌తో పూల్ ఆడితే చిన్న పొరపాటుకే వైట్ బాల్ పక్కకి పోతుంది. బరువు 18 నుంచి 21 ఔన్సుల మధ్య దొరుకుతాయి. కొత్తవాళ్లు 19 తీసుకోండి, అంటే సుమారు 540 గ్రాములు. పొడవు 58 అంగుళాలు. పిడి మీద పులి బొమ్మకీ, రంగులకీ డబ్బు పోయకండి. బంతికి తగిలేది టిప్ ఒక్కటే.

వంకర చూడటం ఇలా. బట్‌ని, అంటే లావుపాటి చివరని, చెంపకి ఆనించి, ఒక కన్ను మూసి, వడ్రంగి చెక్క చూసినట్టు చివరిదాకా చూస్తూ మెల్లగా తిప్పండి. తర్వాత టేబుల్ మీద దొర్లించండి. షాఫ్ట్ (టిప్ ఉండే ముందు సగం) కొసకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి కింద కొంచెం వెలుతురు కనపడటం మామూలే, కంగారుపడకండి. దొర్లుతుండగా ఆ వెలుతురు పెరిగి తగ్గితే మాత్రం వంకర ఉన్నట్టే. మధ్యలో జాయింట్ దగ్గర బిగించే రకమైతే, విడదీసి రెండు ముక్కల్నీ విడివిడిగా దొర్లించండి. అవి బాగానే ఉండి, బిగించాక ఊగితే లోపం జాయింట్‌లో ఉంది. కొట్టువాడు తొందరపెట్టినా ఈ పని మానకండి. నేను మానాను. ఇంటికొచ్చాక తెలిసింది.

ఇక టిప్. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి. తోలు టిప్ మెత్తన, మధ్యరకం, గట్టి అని మూడు రకాలు. మధ్యరకం చాలు. దాని గుండ్రం ఎంత ఉండాలో చూడటానికి జేబులో రూపాయి బిళ్ళ తీయండి. బిళ్ళ అంచు వంపూ టిప్ వంపూ పక్కపక్కన పెడితే ఇంచుమించు కలవాలి. టిప్ బల్లపరుపుగా అయిపోతే వైట్ బాల్‌ని పక్కన కొట్టినప్పుడు జారి, టక్‌మని పొడి చప్పుడొస్తుంది. చూసేవాళ్లంతా తలతిప్పుతారు. అరిగిందో లేదో కూడా అదే బిళ్ళ చెబుతుంది: టిప్ పక్క అంచు బిళ్ళ మందం కన్నా పలచబడితే మార్పించేయండి.

టిప్ బంతి మీద జారకుండా దానికి రాసే చిన్న బిళ్ళ చాక్. అది రాసేటప్పుడు గిరగిరా తిప్పకండి; మధ్యలో గుంట పడి చాక్ పాడవుతుంది, అంచులకి అంటదు. గోడకి బ్రష్ వేసినట్టు మెల్లగా, ప్రతి షాట్‌కీ ముందు. అన్నట్టు చాక్ అంటాం గానీ అది బడిలో వాడే సుద్ద కాదు, గరుకు పొడి. 1897లో అమెరికాలో విలియం స్పింక్స్, విలియం హాస్కిన్స్ పేటెంట్ తీసుకున్నది ఈ రకానికే.

మొక్కై వంగనిది మానై వంగదంటారు. చెమ్మ గోడకి ఆనిస్తే కర్ర అయ్యాక కూడా వంగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత ఇంట్లో గోడలు చాలా రోజులు ఆరలేదు. నా స్టిక్ తలుపు వెనక మూలన నిలబెట్టే ఉంది. తీసి చూసేసరికి షాఫ్ట్ విల్లులా ఉంది. సముద్రం గాలి తగిలే మన ఊళ్లలో విడదీసి, కేసులో పెట్టి, గోడకి దూరంగా ఉంచాలి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో అసలు వదలకండి.

ఆట అయ్యాక పొడి నూలు గుడ్డతో షాఫ్ట్ తుడవండి. పొందూరు ఖద్దరు పాత ముక్క ఉంటే ఇంకా మేలు. చేతికి పౌడర్ రాసుకునే అలవాటుంటే అది చెమటతో కలిసి జిగురవుతుంది, కాబట్టి చేతులు కడుక్కుని ఆడటమే నయం. తడి గుడ్డ వద్దు, చెక్క నార లేస్తుంది. గరుకు కాగితంతో రుద్దడమూ వద్దు. రుద్దినకొద్దీ షాఫ్ట్ సన్నబడుతుంది. ఆట మొదట్లో బంతుల గుంపుని చెదరగొట్టే బ్రేక్ షాట్‌కి మాత్రం పార్లర్ స్టిక్ వాడండి. ఆ దెబ్బలకి మీ టిప్ నలిగి గట్టిపడకుండా ఉంటుంది.

ఈ వారం పని: రూపాయి బిళ్ళ పట్టుకెళ్లి, మీ పార్లర్‌లో ఉన్న ప్రతి స్టిక్ టిప్‌నీ చూడండి. కలిసినవి ఎన్నో, పలచబడినవి ఎన్నో కాగితం మీద రాసుకోండి. కలిసినదానితో ఇరవై షాట్లు, కలవనిదానితో ఇరవై షాట్లు వైట్ బాల్‌ని పక్కన కొట్టి, ఎన్నిసార్లు జారిందో కూడా రాయండి. నాలుగో పాఠానికి ఆ కాగితం కావాలి. అక్కడ వైట్ బాల్‌కి స్పిన్ ఇవ్వడం మొదలుపెడతాం.