పిల్లలతో బోర్నియో అడవికి వెళ్లాలంటే

బోర్నియో అడవికి బయల్దేరే కుటుంబాలు ఎక్కువగా చేసే పొరపాటు ఆరు రోజుల్లో ఐదు ఊళ్లు పెట్టుకోవడం. అక్కడి జంతువులు కనబడే వేళలు రోజుకు రెండే: తెల్లవారుజామున ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా. మధ్యాహ్నమంతా ఎండా ఉక్కా. కోతులు కొమ్మల లోపలికి వెళ్లిపోతాయి, పిట్టలు పలకవు. ఆ రెండు వేళల్లో మీరు వ్యానులోనో విమానాశ్రయంలోనో ఉంటే అంత దూరం వెళ్లీ లాభం లేదు. అందుకే ఇక్కడ చెప్పే ప్రణాళికలో చోట్లు రెండే ఉన్నాయి: సెపిలోక్, కినబతంగాన్ నది. రెండూ బోర్నియో దీవిలో మలేసియాకు చెందిన సబా రాష్ట్రంలో, సందకాన్ పట్టణానికి రెండున్నర గంటల లోపే ఉంటాయి.

ఎప్పుడు వెళ్లాలి, ఎంత వయసు పిల్లలతో

సబా తూర్పు తీరంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల వాన గట్టిగా పడుతుంది. డిసెంబరు, జనవరుల్లో కినబతంగాన్ ఒడ్లు దాటి పారుతుంది, నడక దారులు నీళ్లలో మునుగుతాయి. కాబట్టి సంక్రాంతి సెలవుల్లో ఈ యాత్ర పెట్టుకోకండి. మన వేసవి సెలవులు, అంటే ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం దాకా, చక్కగా సరిపోతాయి. అప్పుడు కూడా వాన పడుతుంది. కాకపోతే గంటో రెండు గంటలో కురిసి తెరిపిస్తుంది. పగలు 32 డిగ్రీల దాకా, రాత్రి 24 దాకా ఉంటుంది. మన ఏప్రిల్ ఎండతో పోలిస్తే అంకె చిన్నదే అయినా, గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, పిల్లలు త్వరగా నీరసపడతారు.

ఆరేళ్లు దాటిన పిల్లలకు ఈ యాత్ర బాగుంటుంది. పడవలో రెండు గంటలు కుదురుగా కూర్చోగలరా అన్నదే అసలు పరీక్ష. రాత్రి నడకలకు ఎనిమిదేళ్లు నిండితే మంచిది. ఐదేళ్ల లోపు పిల్లలతో సెపిలోక్ వరకు వెళ్లి రావచ్చు, నది దగ్గర బస వద్దు.

ప్రయాణం

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానాలున్నాయి, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. అక్కడి నుంచి సందకాన్‌కు మరో మూడు గంటలు. రెండు టికెట్లూ విడివిడిగా కొంటే కౌలాలంపూర్‌లో ఇమ్మిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, మళ్లీ చెక్ఇన్ చేయాలి. ఒక విమానం ఒకటో టెర్మినల్‌లో దిగి, రెండోది రెండో టెర్మినల్ నుంచి బయల్దేరితే మధ్యలో రైలు కూడా ఎక్కాలి. పిల్లలతో అయితే కనీసం నాలుగు గంటల విరామం ఉంచుకోండి. రాత్రి విమానంలో దిగితే ఆ పూట విమానాశ్రయం దగ్గరే పడుకుని పొద్దున్నే బయల్దేరడం ఇంకా మంచిది.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఈ సడలింపును 2026 డిసెంబరు 31 దాకా పొడిగించారు. టికెట్ కొనేముందు మరోసారి సరిచూసుకోండి. చేరడానికి మూడు రోజుల ముందు నుంచి మలేసియా డిజిటల్ అరైవల్ కార్డును ఆన్‌లైన్‌లో నింపాలి, పిల్లలకు కూడా విడిగా. ఇది ఉచితం. డబ్బు అడిగే సైటు ప్రభుత్వానిది కాదని అర్థం. సబాకు సొంత ఇమ్మిగ్రేషన్ ఉంది. కౌలాలంపూర్ నుంచి దేశీయ విమానంలో దిగినా సందకాన్‌లో మళ్లీ పాస్‌పోర్టులు చూస్తారు, అందుకని అవి చెక్ఇన్ సామానులో పోకూడదు.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల నుంచి వెళ్లే తెలుగు కుటుంబాలు ఇంకో సంగతి చూసుకోవాలి. సబా తూర్పు తీరం, అక్కడి దీవుల విషయంలో ఆ దేశాలు భద్రతా సూచనలు ఇస్తుంటాయి. హెచ్చరిక ఉన్న ప్రాంతానికి కొన్ని బీమా పాలసీలు వర్తించవు. పాలసీ కాగితంలో ఆ వాక్యం వెతికి చదివాకే డబ్బు కట్టండి.

మొదటి రెండు రాత్రులు: సెపిలోక్

సందకాన్ విమానాశ్రయం నుంచి అరగంటలోపే సెపిలోక్ చేరతారు. ఇక్కడి ఒరాంగుటాన్ (ఎర్ర బొచ్చున్న పెద్ద వానరం) పునరావాస కేంద్రం 1964 నుంచి నడుస్తోంది. తల్లిని పోగొట్టుకున్న, బోనుల నుంచి విడిపించిన పిల్ల ఒరాంగుటాన్లకు చెట్లెక్కడం, గూడు కట్టుకోవడం నేర్పించి అడవిలోకి వదులుతారు. ఉదయం పదికి, మధ్యాహ్నం మూడుకి మంచె మీద పళ్లు పెడతారు. తొమ్మిదికే లోపలికి వెళ్లి ముందుగా పిల్ల ఒరాంగుటాన్లు ఆడుకునే చోట అద్దాల వెనక కూర్చోండి, పది నిమిషాల ముందు మంచె దగ్గరికి నడవండి. అడవిలో పళ్ల కాలమైతే మంచె దగ్గరికి ఒక్కటి కూడా రాకపోవచ్చు. పిల్లలకు ఈ మాట ముందే చెప్పండి: అవి రాలేదంటే సొంతంగా తిండి వెతుక్కుంటున్నాయని అర్థం, ఆ కేంద్రం ఉన్నదే అందుకు.

సంచులు, తినుబండారాలు, దోమల మందు సీసాలు లోపలికి తీసుకెళ్లనివ్వరు, లాకర్లో పెట్టాలి. దారిలో తిరిగే పందితోక మకాక్ కోతులు చేతిలో ఉన్నది లాక్కుంటాయి. వాటి కళ్లలోకి చూడకూడదు, పళ్లు కనబడేలా నవ్వకూడదు, రెండూ వాటికి బెదిరింపులాగే తోస్తాయి. ఇంట్లో ఎవరికైనా జలుబు, దగ్గు ఉంటే ఆ రోజు వాళ్లు వెళ్లకూడదు. మనుషుల శ్వాసకోశ జబ్బులు ఒరాంగుటాన్లకు సోకుతాయి. ఇది మొహమాటపడాల్సిన విషయం కాదు.

పక్కనే సూర్య ఎలుగుబంట్ల కేంద్రం ఉంది, గంట సరిపోతుంది. మధ్యాహ్నం తిని పడుకోండి. ఈ నిద్ర మానేస్తే సాయంత్రం పిల్లలు చిరాకు పడతారు, మొత్తం ప్రణాళిక ఇక్కడే దెబ్బతింటుంది.

సాయంత్రం రెయిన్‌ఫారెస్ట్ డిస్కవరీ సెంటర్‌కు వెళ్లండి. చెట్ల తలల ఎత్తున కట్టిన ఉక్కు వంతెన 347 మీటర్ల పొడవుంటుంది. గట్టి కమ్మీలున్నాయి కాబట్టి ఎత్తంటే భయపడే పిల్లలు కూడా నడవగలరు. రాత్రి నడక ఉన్న రోజున టికెట్ ముందే మాట్లాడుకోండి. పొద్దు వాలాక వంతెన మీద కదలకుండా నిలబడితే ఎగిరే ఉడుతలు బయటికొస్తాయి. పెద్ద ఎర్ర ఉడుత మాను తొర్ర నుంచి కొమ్మ చివరికి పాకి, కాసేపు తల పైకీ కిందికీ ఆడించి దూరం అంచనా వేసుకుంటుంది. తర్వాత నాలుగు కాళ్లూ చాచి, ఒంటి చర్మం దుప్పటిలా పరుచుకుని, మీ తల మీదుగా అవతలి చెట్టుకు జారిపోతుంది. చప్పుడే ఉండదు. ఆ వేళ టార్చి వేసి వెతకకండి, దాని కళ్లకు వెలుగు తగిలితే తొర్రలోకి తిరిగిపోతుంది.

తర్వాతి రెండు రాత్రులు: కినబతంగాన్

కినబతంగాన్ సబాలో అన్నిటికన్నా పొడవైన నది, 560 కిలోమీటర్లు. సుకావు, బిలిత్ అనే ఊళ్ల దగ్గర బసలున్నాయి. సెపిలోక్ నుంచి సుకావుకు రెండు గంటల దారి. దారి పొడుగునా ఆయిల్‌పామ్ తోటలే. అశ్వారావుపేట, పెదవేగి వైపు తోటలు చూసిన పిల్లలు వెంటనే గుర్తుపడతారు. ఇక్కడ వాళ్లకు నిజం చెప్పండి: అడవి కొట్టి తోటలు వేయగా నది పక్కన సన్నటి పట్టీగా మిగిలిన చోటికి ఏనుగులూ కోతులూ చేరాయి, అందుకే ఇంత దగ్గరగా కనబడతాయి.

దారిలో గోమంతోంగ్ గుహలున్నాయి. స్విఫ్ట్‌లెట్ అనే చిన్న పిట్టల గూళ్లు, లక్షల గబ్బిలాలు, కింద రెట్ట, దాని నిండా బొద్దింకలు. చెక్క దారి మీద చెయ్యి వేసే కమ్మీ కూడా బొద్దింకలతో ఉంటుంది. పురుగులంటే అరిచే పిల్లలుంటే ఇది వదిలేయండి. ఇష్టపడే పిల్లలకు టోపీ, చేతులు కడుక్కోవడానికి సబ్బు తప్పనిసరి.

పడవ ఎక్కే వేళలు సాయంత్రం నాలుగు, ఉదయం ఆరు. పొడవాటి ముక్కు ప్రోబోసిస్ కోతులు పగలు అడవి లోపల ఆకులు మేసి, రాత్రి నిద్రకు నది ఒడ్డు చెట్ల మీదికి వస్తాయి. అందువల్ల సాయంత్రం అవి వచ్చేటప్పుడు, పొద్దున వెళ్లేటప్పుడు పడవలోంచి కనబడతాయి. సుకావు దగ్గరి మెనంగుల్ పాయ ఇరుకైనది, ఇక్కడ రెండు ఒడ్లూ దగ్గరగా ఉంటాయి. బోర్నియో ఏనుగుల గుంపు ఎక్కడుందో పడవవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు, రాక మాత్రం అదృష్టం. నాలుగు పడవ ప్రయాణాలు ఉండేలా బుక్ చేసుకోండి. ఒక్క రాత్రి ప్యాకేజీలో రెండే వస్తాయి, ఒకటి వానలో పోతే మిగిలేది ఒకటే.

బుక్ చేసేముందు బసవాళ్లను నాలుగు ప్రశ్నలు అడగండి: పిల్లల కొలతల లైఫ్ జాకెట్లు ఉన్నాయా, పడవలో ఎంతమంది, పిల్లలకు రబ్బరు బూట్లు ఇస్తారా, కిటికీలకు దోమతెరలు ఉన్నాయా. పెద్దల జాకెట్ పిల్లాడికి వేస్తే నీళ్లలో పడినప్పుడు తల మీది నుంచి జారిపోతుంది. ఈ నదిలో ఉప్పునీటి మొసళ్లున్నాయి. పిల్లలు పడవ మధ్యలో కూర్చోవాలి, చేతులు అంచు దాటకూడదు, ఒడ్డున నీళ్లలో కాళ్లు పెట్టకూడదు. పొద్దున ఆరింటికి నీళ్ల మీద పొగమంచు, ఎదురుగాలి ఉంటాయి. పల్చటి జాకెట్ లేకపోతే పిల్లలు వణికిపోతారు.

సంచిలో ఏం ఉండాలి

జీన్సు వద్దు. ఒకసారి తడిస్తే రెండు రోజులైనా ఆరదు, బరువూ పెరుగుతుంది. మనిషికి మూడు పల్చటి ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు, రెండు త్వరగా ఆరే ప్యాంట్లు, ఐదు జతల సాక్సు, రెండు జతల జలగ సాక్సు చాలు. జలగ సాక్సు మోకాలి దాకా వచ్చే దట్టమైన నేత బట్ట, ప్యాంటు అంచు దాని లోపలికి పెట్టాలి. బూట్ల విషయంలో సబా కూలీలు వాడే నల్ల రబ్బరు బూట్లు గొప్పవి. కింద ముళ్లలాంటి పట్టు ఉంటుంది, కడిగితే ఆరిపోతాయి, సందకాన్ బజారులో చవకగా దొరుకుతాయి. గొడుగు అడవిలో పనికిరాదు, తల మీంచి వేసుకునే వానకోటు, అంటే పాంచో కొనండి. ఎవరి తల లైటు వాళ్లకే ఉండాలి. ఒక్క టార్చి ఇద్దరికంటే గొడవే. కెమెరాను ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే అద్దం మసకబారుతుంది, అరగంట ముందే వరండాలో పెట్టండి. ప్లగ్గులు మూడు చదరపు కాళ్లవి, అడాప్టర్ కావాలి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మనిషికి నాలుగు. ఒక లీటరు నీళ్లలో కలిపేవీ, 200 మిల్లీలీటర్లలో కలిపేవీ రెండు రకాలున్నాయి, ప్యాకెట్ మీద చదివి అంతే నీళ్లు పోయండి. చిక్కగా కలిపితే పిల్లలకు విరేచనాలు ఎక్కువవుతాయి.

తిండి: శాకాహారులు కౌలాలంపూర్‌లో ఇబ్బంది పడరు. నది దగ్గర పరిస్థితి వేరు. ఆకుకూర వేపుడులో కూడా బెలాచాన్ అనే ఎండు రొయ్యల ముద్ద వేస్తారు. "సాయా తక్ మాకన్ దాగింగ్, ఆయామ్, ఇకాన్, ఉదాంగ్, బెలాచాన్" అని చెప్పండి. "మాంసం, కోడి, చేప, రొయ్య, ఆ ముద్ద నేను తినను" అని దానర్థం. అన్నం మూడు పూటలా ఉంటుంది కాబట్టి సీలు వేసిన కందిపొడి, పప్పుల పొడి ప్యాకెట్లు చాలు. తెరిచిన ప్యాకెట్ గదిలో వదిలితే చీమలు, కిటికీ తీసి ఉంటే కోతులు వస్తాయి.

అడవి నడకలో

పిల్లలకు ఒకే సూత్రం నేర్పండి: చెయ్యి పెట్టేముందు కన్ను పెట్టు. జారుతున్నప్పుడు పక్కనున్న కాండాన్ని పట్టుకోవడం అలవాటు, ఇక్కడ ఆ కాండం మీద ముళ్లో మండే చీమలో ఉంటాయి. పేము తీగ కొసన వెనక్కి వంగిన కొక్కేలుంటాయి. చొక్కా తగులుకుంటే ముందుకు లాగకూడదు, లాగితే బట్టతోపాటు చర్మం చీరుకుంటుంది. ఆగి, ఒక అడుగు వెనక్కి వేస్తే దానంతట అదే వదులుతుంది.

జలగ పట్టుకుంటే నిప్పు, ఉప్పు, నిమ్మరసం వద్దు. అలా చేస్తే అది కడుపులోది గాయంలోకి కక్కి ఊడుతుంది. సన్నగా ఉన్న కొస నోరు, అక్కడ గోరును చర్మానికి ఆనించి పక్కకు నెట్టండి, తర్వాత రెండో కొసను వదిలించి విసిరేయండి. సబ్బుతో కడిగి, పది నిమిషాలు గట్టిగా అదిమి ప్లాస్టర్ వేయండి. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం అది వదులుతుంది కాబట్టి గంట పైన కూడా కారవచ్చు. నొప్పి ఉండదు. సాక్సు ఎర్రగా చూసి పిల్లలు భయపడతారు, ఈ సంగతి ముందు రోజే చెప్పి ఉంచాలి. బూట్లు వేసుకునేముందు బోర్లించి దులపండి, జెర్రులూ తేళ్లూ దూరి ఉంటాయి.

దోమలూ జ్వరమూ

ఇది తేలిగ్గా తీసుకోకండి. డెంగ్యూ దోమ పగలు కుడుతుంది. సబాలో మకాక్ కోతుల నుంచి మనుషులకు సోకే నోలెసి అనే మలేరియా కూడా ఉంది, ఆ దోమ పొద్దు వాలాక కుడుతుంది. సరిగ్గా రాత్రి నడక వేళ అన్నమాట. బయల్దేరడానికి నెల ముందు డాక్టరును కలిసి ఊళ్ల పేర్లతో సహా చెప్పండి. మలేరియా రాకుండా వేసే మాత్రల్లో డాక్సీసైక్లిన్ సాధారణంగా ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వరు, వేరే మందు ఉంటుంది. దోమల మందులో డీఈఈటీ (DEET) అనే రసాయనం 20 నుంచి 30 శాతం ఉండాలి. సన్‌స్క్రీన్ ముందు రాసి, పావుగంట ఆగి, దాని మీద దోమల మందు రాయాలి. పిల్లల అరచేతులకు రాయకండి, నోట్లో పెట్టుకుంటారు. ఆ మందు ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది కాబట్టి బైనాక్యులర్లు, కళ్లజోళ్లు ముట్టుకునేముందు చేతులు తుడుచుకోండి.

ఇంటికొచ్చాక రెండు నెలల లోపు ఎవరికి జ్వరం వచ్చినా వైరల్ అనుకుని రెండు రోజులు ఆగొద్దు. ఆ రోజే రక్తపరీక్ష చేయించి, "బోర్నియో అడవిలో ఉండి వచ్చాం" అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. నోలెసి సూక్ష్మదర్శినిలో ఇంకో రకం మలేరియాలా కనబడుతుంది, వేగంగా ముదురుతుంది. వెళ్లిన చోటు తెలిస్తేనే ల్యాబులో దాని కోసం వెతుకుతారు.