పాస్‌వర్డ్ కరెక్టే, అయినా మళ్లీ లాగిన్ స్క్రీన్‌కే వస్తోందా?

బెంగళూరు మారతహళ్లిలో పీజీ ఖాళీ చేసి ఆరేళ్లయింది. అక్కడి మనవాళ్ల నుంచి ఈ ఫోన్ మాత్రం ఆగలేదు. "అన్నా, ఉబుంటు లైనక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ ఉండగానే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ కూడా వేశాను. ఇప్పుడు లోపలికి పోవట్లేదు. ఫార్మాట్ కొట్టేయనా?" కొట్టకు తమ్ముడూ. ఫార్మాట్ కొట్టి, తమ ఫైళ్లు, సెట్టింగ్‌లు ఉండే పాత హోమ్ ఫోల్డర్‌ని మళ్లీ కాపీ చేసుకుని, అదే రోగాన్ని కొత్త సిస్టమ్‌కి అంటించినవాళ్లని చూశాను.

కొత్త డెస్క్‌టాప్ పేరు కనబడటం లేదు

ఉబుంటు లాగిన్ స్క్రీన్ జీడీఎమ్‌లో మీ పేరు నొక్కాకే కింద కుడి మూలన పళ్లచక్రం గుర్తు వస్తుంది. పేరు నొక్కకుండా వెతికితే రాదు. నొక్కినా రాకపోతే యూఎస్ఆర్, షేర్ కింద ఎక్స్‌సెషన్స్, వేలాండ్ సెషన్స్ అనే రెండు ఫోల్డర్లు చూడండి. కొత్త డెస్క్‌టాప్ పేరుతో .desktop ఫైల్ వాటిలో లేదంటే ఇన్‌స్టాల్ సగంలో ఆగినట్టే.

లాగిన్ స్క్రీనే మారిపోయింది

ఇన్‌స్టాల్ మధ్యలో, లాగిన్ స్క్రీన్ చూపించే ప్రోగ్రామ్‌గా (లాగిన్ మేనేజర్) "జీడీఎమ్3 కావాలా, లైట్‌డీఎమ్ కావాలా" అని అడిగింది, మీరు చదవకుండా ఎంటర్ కొట్టారు. టెర్మినల్‌లో సుడో డీపీకేజీ రీకాన్ఫిగర్ లైట్‌డీఎమ్ అని కొడితే మళ్లీ అడుగుతుంది. ఎన్ని డెస్క్‌టాప్‌లున్నా లాగిన్ మేనేజర్ ఒక్కటి చాలు. గ్నోమ్ వాడేవాళ్లు జీడీఎమ్‌నే ఉంచుకోండి, గ్నోమ్ స్క్రీన్ లాక్ జీడీఎమ్ మీదే ఆధారపడింది.

పాస్‌వర్డ్ కొట్టగానే స్క్రీన్ నల్లబడి, మళ్లీ లాగిన్‌కే వస్తుంది

పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెబుతుంది. ఏమీ చెప్పకుండా వెనక్కి తోసేస్తే పాస్‌వర్డ్ ఒప్పుకుంది, సెషన్ (లాగిన్ అయ్యాక నడిచే మీ డెస్క్‌టాప్) మొదలైంది, వెంటనే చచ్చిపోయింది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్లటి టెక్స్ట్ స్క్రీన్ వస్తుంది. అక్కడ లాగిన్ అయి ముందు డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ మైనస్ హెచ్ కొట్టండి. డిస్క్ నూటికి నూరు నిండితే సెషన్ తన ఫైళ్లు రాసుకోలేక ఇలాగే పడిపోతుంది. ఎవరికి చెప్పినా "డిస్క్ ఖాళీగానే ఉందన్నా" అంటారు, చూడకుండానే.

డిస్క్‌లో చోటుందంటే, నన్ను ఒక రాత్రంతా కూర్చోబెట్టిన కారణం దగ్గరికి వద్దాం. మీ హోమ్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌అథారిటీ అనే దాచిన ఫైల్ ఒకటి ఉంటుంది. స్క్రీన్ మీద బొమ్మ గీయడానికి మీ ప్రోగ్రాములకి అనుమతి ఇచ్చే తాళంచెవి అందులో ఉంటుంది. ఆ ఫైల్ మీ పేరు మీద కాకుండా రూట్ (సిస్టమ్ మొత్తం మీద అధికారమున్న యూజర్) పేరు మీద ఉంటే లైట్‌డీఎమ్ అందులో రాయలేదు. తాళంచెవి లేని సెషన్ గుమ్మంలోనే ఆగిపోతుంది.

మోసం ఎక్కడుందంటే, జీడీఎమ్ ఈ తాళంచెవిని హోమ్‌లో పెట్టదు, రన్ ఫోల్డర్ కింద దాచుకుంటుంది. అందుకని గ్నోమ్‌లో ఉన్నన్నాళ్లూ ఆ పాడైన ఫైల్ ఎవరికీ అడ్డు రాదు. లైట్‌డీఎమ్‌కి మారిన రోజే బయటపడుతుంది. నేనూ ఆ రాత్రి ఎక్స్‌ఎఫ్‌సీఈని మూడుసార్లు తీసి వేశాను, లైట్‌డీఎమ్‌ని తిట్టాను. తెల్లవారుజామున వేరే యూజర్‌ని తయారుచేసి లాగిన్ అయితే చక్కగా వెళ్లింది. అంటే డెస్క్‌టాప్ బాగానే ఉంది, జబ్బు నా హోమ్‌లో ఉంది. ఇప్పుడు ఆ పరీక్షే ముందు చేయిస్తాను.

రూట్ పేరు ఎలా వచ్చిందంటారా? పాత హార్డ్ డిస్క్ నుంచి సుడో (రూట్ అధికారంతో నడిపించే ఆదేశం) పెట్టి హోమ్ మొత్తం కాపీ చేస్తే అన్నీ రూట్‌వే అవుతాయి. 19.10 వెర్షన్‌కి ముందు ఉబుంటులో అయితే సుడోతో కిటికీలున్న ప్రోగ్రామ్ ఏది తెరిచినా, అది మీ హోమ్‌లోనే రూట్ పేరుతో ఫైళ్లు వదిలేది.

ఎల్ఎస్ మైనస్ ఎల్ఏ కొట్టి, మూడో గడిలో ఎవరి పేరుందో చూడండి. ఆ ఒక్క ఫైలే రూట్‌దైతే తీసేయండి, తర్వాతి లాగిన్‌లో కొత్తది దానంతటదే పుడుతుంది. ఐస్‌అథారిటీ, కాన్ఫిగ్, క్యాష్ కూడా రూట్‌వే అయితే సుడో చౌన్ మైనస్ పెద్ద ఆర్ పెట్టి, హోమ్ మొత్తాన్ని మీ పేరుకి రాసేయండి. దారి రాసేటప్పుడు మొదటి స్లాష్ తర్వాత స్పేస్ పడకుండా చూసుకోండి. పడిందో, సిస్టమ్ అంతా మీ పేరుకి వచ్చేస్తుంది, అప్పుడు నిజంగానే ఫార్మాట్ తప్పదు.

ఇవేవీ కాకపోతే, లాగిన్ అవగానే నడిచే దాచిన ప్రొఫైల్ ఫైల్ చివర ఎగ్జిట్ అని రాసుకున్నారేమో చూడండి. లేదా కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) మారాక ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కలేదేమో, బూట్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే తెలిసిపోతుంది. తీసేసిన డెస్క్‌టాప్‌నే లైట్‌డీఎమ్ గుర్తుపెట్టుకుంటే, సెషన్ మొదలవలేదని ముఖం మీదే చెబుతుంది. వేరే సెషన్ ఎంచుకుంటే సరి.